పంకా లాగినవాడి చోటు కూడా చూపించండి

(మీ ప్రశ్నలు – మా జవాబులు)

పాత మేడలు, మండువా లోగిళ్లు (మధ్యలో ఆకాశం కనబడే వాకిలి ఉన్న ఇళ్లు) గురించి ఏమైనా అడగాలనుంటే రాయండి అని పోయిన నెల ఒక చిన్న మాట వేశాం. వచ్చిన ఉత్తరాలు చూస్తే గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంటి అటక మీదా ఒక గొడవ ఉన్నట్టుంది. అన్నీ వేయలేం. కొన్నిటిని కుదించాం, పేర్లు తీసేశాం. అన్నదమ్ముల తగాదాలున్న ఉత్తరాల్లో ఊరి పేరు కూడా తీసేశాం, రేపు వాళ్లంతా కలిసి మా మీద పడకుండా.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. నేను వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో ఒక పాత వ్యాపారి ఇల్లు చూపించాడు, మర్చంట్స్ హౌస్ మ్యూజియం అంటారు. మంచాలు, కుర్చీలు, ఆఖరికి ఆడవాళ్ల గౌన్లతో సహా ఆ ఇంటివాళ్లవేనట. చూస్తున్నంతసేపూ కాకినాడలో మా అమ్మమ్మగారి మేడే గుర్తొచ్చింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపుంది. మన కాకినాడలో, రాజమండ్రిలో డబ్బున్నవాళ్లు తక్కువా? మనకి ఇలాంటిది ఒక్కటీ లేదేం? — ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: డబ్బుకేం లోటు లేదండీ. మనకి లోటైంది గెర్ట్రూడ్ ట్రెడ్‌వెల్ లాంటి ఆడపడుచు.

మీరు చూసిన ఇల్లు 1832లో కట్టారు. సీబరీ ట్రెడ్‌వెల్ అనే ఇనుప సామాన్ల దిగుమతి వ్యాపారి 1835లో దాన్ని కొన్నాడు. ఎనిమిది మంది పిల్లలు. అందరిలోకీ చిన్నది గెర్ట్రూడ్ 1840లో ఆ ఇంట్లోనే పుట్టి, పెళ్లి చేసుకోకుండా, 1933లో 93వ ఏట ఆ ఇంట్లోనే పోయింది. చుట్టుపక్కల డబ్బున్నవాళ్లందరూ ఇళ్లు ఖాళీ చేసి వేరే పేటలకి వెళ్లిపోయినా ఆవిడ మాత్రం కదల్లేదు. 1936లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. అంటే దాదాపు వందేళ్లపాటు ఒకే కుటుంబం, మధ్యలో గోడ లేవలేదు, సామాను వాటాలు పడలేదు.

మన దగ్గర అదెక్కడ కుదురుతుంది? తాతగారి సంవత్సరీకాలైనా కాకముందే మండువా మధ్యలో ఇటుకలు దిగుతాయి. ఒకడి వాటాకి వీధి అరుగు, ఇంకొకడికి వంటిల్లు, మూడోవాడికి పెరడూ నుయ్యీ. పందిరి మంచాన్ని మూడు ముక్కలు చేయలేరు గనక అమ్మేసి డబ్బు పంచుకుంటారు. పంపకాల్ని తప్పించుకున్న ఇంటిని వాన పట్టుకుంటుంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను — ఈ రెండిట్లో ఎన్ని పెంకుటిళ్లు కూలాయో మీ వయసువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మిగిలినవాటికి చెదలు.

ఒక్కటీ లేదనడం మాత్రం సరికాదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లుంది, దాని మాట కింద ఇంకో ఉత్తరంలో వస్తుంది. మీరడుగుతున్నది షావుకారు మేడ, ప్లీడరు గారి మేడ, అది వేరే సంగతి.

మీ అమ్మమ్మగారి ఊరికీ ఆ న్యూయార్క్ ఇంటికీ ఒక పాత లింకు కూడా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక కాలవలొచ్చాయి, కాలవల వెంట వరి, వరి వెంట డబ్బు. ఆ కాలవలే అప్పటి రోడ్లు, ధాన్యం దగ్గర్నుంచి పెళ్లివారి దాకా అందరూ పడవల మీదే. కోరంగి రేవు ఇసక మేట వేసి దెబ్బతింటే కాకినాడ రేవు లేచింది. అది లేస్తున్న రోజుల్లోనే 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకి అందక మన దేశపు పత్తికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది, కాకినాడలో పత్తి బేళ్లు ఓడలెక్కాయి. అప్పటికి గెర్ట్రూడ్ ఇరవై దాటిన పిల్ల, ఆ హాల్లోనే కూర్చుని ఉంటుంది. ఇక్కడి షావుకార్ల ఇళ్లలోకి బర్మా టేకు దూలాలు, సీమ అద్దాలు, కప్పుకి వేలాడే గాజు లస్తరు దీపాలు వస్తున్నాయి. గోడల మీద రవివర్మ పటాలు ఇంకొంచెం తర్వాత. ఆయన అచ్చు ప్రెస్సు పెట్టింది 1894లో కదా. ఎవరైనా పెద్దింటి గురించి మాట్లాడుతూ "పటాలన్నీ 1860 నాటివండీ" అంటే నమ్మకండి.

ఇప్పుడు మొదలుపెట్టాలంటే అన్నీ ఒకే ఇంటివి కావాలని పట్టుబట్టక్కర్లేదు. ఎడింబరోలో షార్లెట్ స్క్వేర్ ఏడో నంబరు ఇల్లుంది, జార్జియన్ హౌస్ అంటారు. 1796లో కట్టిన ఇల్లు. 1975లో జనానికి తెరిచారు. సామాను ఆ కాలానిదే అయినా వేరే వేరే చోట్ల నుంచి సేకరించి సర్దారు. ఇల్లు ఒకరిది, కుర్చీలు ఇంకొకరివి, కాలం ఒకటి. మనకి కుదిరేది ఇదే. కాకినాడలో నిలబడ్డ ఒక మేడ, పెద్దాపురం నుంచి ఒక ఉయ్యాల బల్ల, తుని నుంచి ఒక భోషాణం పెట్టె. కాకపోతే ఏది ఎక్కడిదో చీటీ మీద రాయాలి. ఎక్కడిదో కుర్చీ తెచ్చి పెట్టి "దొరగారు కూర్చున్న కుర్చీ" అని చెప్పే అలవాటు మనకి కొంచెం ఎక్కువ.

ప్రశ్న: పాత ఇళ్లలో దూలానికి కొక్కేలు, గోడలో పైన ఒక గుండ్రటి కంత కనిపిస్తాయి. పంకా కోసం అంటారు. అదెలా తిరిగేది? — తణుకు నుంచి

జవాబు: తిరగదు, ఊగుతుంది. పొడుగాటి చెక్క చట్రం, దానికి కింద కుచ్చుల గుడ్డ. చట్రాన్ని కొక్కేలకి వేలాడదీసి, దానికి కట్టిన తాడుని ఆ కంతలోంచి బయటి వసారాలోకి తీస్తారు. అక్కడొక మనిషి కూర్చుని లాగుతూ వదులుతూ ఉంటాడు. రాత్రిళ్లు గోడకి ఆనుకుని కాలి బొటనవేలికి తాడు చుట్టుకుని లాగేవాళ్లు, కునుకు పడితే లోపల్నుంచి కేక. ఈసారి ఆ కంత కనబడితే లోపలి అంచు చూడండి. తాడు రాసుకుని రాసుకుని చెక్క ఒక పక్కనే అరిగి, నున్నగా, గాడి పడి ఉంటుంది. లోపల నిలువుటద్దం ముందు ఫొటోలు దిగేవాళ్లలో ఆ గాడి చూసేవాళ్లు తక్కువ. నన్నడిగితే ఆ గదిలో చూడాల్సిందే అది.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నాను, వేస్తారో లేదో. మా తాత ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. ఆ మేడలోకి పెరటి వైపు నుంచే రావాలి, పశువుల శాల దాటి లోపలికి అడుగు పెట్టకూడదు. నీళ్లు దోసిట్లో పోసేవారు. ఇప్పుడు మీరంతా కలిసి ఆ ఇంటికి రంగులేసి మ్యూజియం చేస్తే, మేం టికెట్టు కొనుక్కుని వెళ్లి ఆహా ఓహో అనాలా? — ఒక డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: వేశాం తమ్ముడూ, ఒక్క మాట కూడా కుదించకుండా వేశాం. ఆహా ఓహో అనక్కర్లేదు. మీ తాతగారు ఆగిపోయిన చోటు చూపించకపోతే ఆ మ్యూజియం ఫర్నిచర్ షాపే, అందులో మనకి పేచీ లేదు.

ఈ పేచీ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్లో గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో ఒక ఇల్లుంది, దాని పేరూ జార్జియన్ హౌసే. 1790 ప్రాంతంలో జాన్ పిన్నీ అనే చక్కెర వ్యాపారి కట్టించుకున్నాడు. నాలుగు అంతస్తులు తిరిగి చూడొచ్చు. భోజనాల గది, చదువుకునే గది, కింద నేలమాళిగలో వంటిల్లు, బట్టలుతికే గది. చన్నీళ్లలో మునగడానికి ఆయనకి ప్రత్యేకంగా ఒక తొట్టి కూడా ఉంది, రాతి మెట్లు దిగి వెళ్లాలి. అందంగానే ఉంటుంది. ఆ డబ్బెక్కడిదంటే, వెస్టిండీస్‌లో నెవిస్ అనే దీవిలో ఆయనకున్న చెరకు తోటలది. ఆ తోటల్లో పనిచేసింది బానిసలు. వాళ్లలో పెరో జోన్స్ అనే కుర్రవాణ్ని 1765లో, పన్నెండేళ్ల వయసులో, ఇద్దరు అక్కచెల్లెళ్లతో సహా కొన్నాడు పిన్నీ. తర్వాత తనతో బ్రిస్టల్ తెచ్చుకున్నాడు, సొంత పనులు చేయడానికి. ఆ పెరో 1798లో పోయాడు. ఇప్పుడు ఆ మ్యూజియంలో చక్కెర తోటల కథా చెబుతారు, పెరో కథా చెబుతారు. ఊళ్లో రేవు మీద 1999లో కట్టిన ఒక వంతెనకి పెరో పేరు పెట్టారు. చక్కెర వ్యాపారి పేరు కాదు, బానిస పేరు.

బాత్ అనే ఊళ్లో ఇంకోటుంది, రాయల్ క్రెసెంట్ ఒకటో నంబరు. 1970 నుంచి మ్యూజియం. పనివాళ్లు ఉండే భాగం ఎప్పుడో విడిపోయి వేరేగా ఉండేది. దాన్ని మళ్లీ కలిపి 2013లో తెరిచారు, ఎందుకంటే వంటిల్లూ పనివాళ్ల గదులూ లేకుండా ఆ ఇల్లు సగమే అని వాళ్లకి అర్థమైంది. మీరు చూడమన్నదీ ఆ రెండో సగమే.

మన డెల్టా మేడలకి చెరకు తోటల బానిసత్వం లేదు నిజమే, కానీ లెక్క అడగాల్సిన చోట్లు బోలెడు. ఆ ఇంటి కింద ఎన్ని ఎకరాలు, కౌలుకి చేసినవాళ్లెవరు, పాలేరుకి ఏడాదికి ఎన్ని బస్తాల ధాన్యం, అప్పు కింద ఎంత పట్టుకున్నారు — ఇవన్నీ ఆ ఇంటి లెక్కల పుస్తకాల్లోనే ఉంటాయి, ఎర్ర గుడ్డ చుట్టి భోషాణంలో పడేసి. నేనైతే ఆ పుస్తకాన్ని తెరిచి, వీధి గదిలో గాజు పెట్టె వేసి, అందరికంటే ముందు చూపిస్తాను. సందర్శకుల్ని వీధి గుమ్మంలోంచి కాకుండా పెరటి తలుపులోంచి తీసుకెళ్లే మ్యూజియం ఒకటి ఎవరైనా పెడితే బాగుణ్ణు. పశువుల శాల, ధాన్యం పురి, నుయ్యి, గాబు, పాలు కాచే దాలి, వంటిల్లు, ఆఖర్న లస్తర్లు. వరస అలా మారితే ఆ లస్తర్లు కూడా వేరేలా కనిపిస్తాయి.

మీ తాతగారుంటే ఆయన మాటలు రికార్డు చేయండి. పోయి ఉంటే నాయనమ్మనో, ఆ తరం ఇంకెవరినో అడగండి. మేడవాళ్ల ఫొటోలు ఎవరో ఒకరు దాచుకునే ఉంటారు, మీ తాతగారివి మాత్రం మీరు దాచుకోకపోతే ఉండవు.

ప్రశ్న: తాతగారు కట్టిన మండువా ఇల్లు. వందేళ్లు దాటింది. మేం ముగ్గురు అన్నదమ్ములం, ఇద్దరు అక్కలు. తమ్ముళ్లు అపార్టుమెంటుకి ఇచ్చేద్దామంటున్నారు, బిల్డరు రోజూ ఫోన్. నాకేమో చిన్న మ్యూజియంలా ఉంచుకోవాలని. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి? — పశ్చిమ గోదావరి

జవాబు: మ్యూజియం దగ్గర కాదు, అక్కల దగ్గర మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో తమ్ముళ్ల గురించి రెండు పేజీలు, అక్కల గురించి ఒక్క ముక్క. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటా వచ్చింది. మీ అక్కల పెళ్లిళ్లు ఎప్పుడయ్యాయి, నాన్నగారు వీలునామా రాశారా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది, అది లాయరు చూడాలి. కానీ వాళ్ల సంతకం అక్కర్లేదన్న భరోసాతో బిల్డరుతో ఎవరు మాట్లాడినా చిక్కే. పైగా ఇలాంటి ఇళ్లంటే ఆడపడుచులకే ఎక్కువ ప్రాణం, మీ వైపు నిలబడతారేమో కూడా.

రెండోది కప్పు. మనుషులు తేల్చుకునేలోపల కప్పు ఆగదు. నాలుగు వైపుల పెంకు వాలులూ లోపలికి దిగి మండువాలో నీళ్లు పోసే ఇంట్లో ప్రాణమంతా ఆ నాలుగు మూలల్లో ఉంటుంది, రెండు వాలులు కలిసే చోట పరిచిన రేకులో. ఆ రేకు తుప్పు పట్టిందంటే నీళ్లు కింది వాసంలోకి దిగుతాయి. ముందు మరక, తర్వాత బూజు, తర్వాత చెద. ఇప్పుడు వానలే గనక ఒక పెద్ద వాన పడుతున్నప్పుడు మండువాలో నిలబడి నాలుగు మూలలూ చూడండి. నీళ్లు అంచు నుంచి ధారగా పడుతున్నాయా, వాసం వెంట పాకుతున్నాయా? పాకుతుంటే ఆ మూల ముందు. వాన వెలిశాక తూము చూడండి, మండువా నీళ్లు బయటికి పోయే కంత అది, అందులో ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ ఇరుక్కుంటే నీళ్లు నిలిచి స్తంభాల కింద రాళ్ల దాకా వస్తాయి.

దూలం మధ్యలో తట్టి చూసి గట్టిగా ఉందని సంబరపడొద్దు. టేకు దూలం పాడయ్యేది గోడలోకి దూరిన కొస దగ్గర. అక్కడ స్క్రూడ్రైవరు పెట్టి గుచ్చండి. దిగకపోతే అదృష్టం. వేలి లోతు దిగిందంటే వడ్రంగిని పిలవాలి, పెయింటర్ని కాదు.

సిమెంటు వద్దు. ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి, గానుగలో నూరిన సున్నం. చెమ్మని పీల్చుకుంటాయి, ఎండకి వదిలేస్తాయి. మన నేలలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. పైన సిమెంటు పూత పూస్తే చెమ్మ బయటికి రాలేక లోపల పైకెక్కుతుంది, రెండేళ్లకి నడుం ఎత్తున పెచ్చులూడి ఉప్పు పొంగుతుంది. అప్పుడు మేస్త్రీ వచ్చి ఇంకో కోటు సిమెంటు వేద్దాం సార్ అంటాడు. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా కొద్దిమంది ఉన్నారు, గుళ్ల పనులు చేసేవాళ్లని అడిగితే ఆచూకీ దొరుకుతుంది. 1984లో పెట్టిన ఇన్‌టాక్ అనే వారసత్వ సంస్థ వాళ్లకి కూడా రాయండి, ఇలాంటి ఇళ్ల మరమ్మతుల విషయంలో సలహా చెబుతారు.

ఇంట్లోంచి ఒక్క గిన్నె కదలకముందే ప్రతి గదీ ఫోన్‌లో ఫొటో తీయండి. వస్తువు ఒక్కదాన్నే కాదు, అది ఉన్న చోటుతో సహా. ఆవకాయ జాడీలు వరసగా గూట్లో ఉంటే ఆ వరసే సమాచారం. హాల్లో టేబుల్ మీద నిలబెట్టి పైన లైటు వేస్తే అది షోకేసు సామాను అయిపోతుంది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. టికెట్ల మీద ఆ ఇల్లు బతకదు. ముందు రెండు గదులు, వంటిల్లు, మండువా వరకు చూపించడానికి ఉంచి, మిగతా వాటాల్లో ఎవరో ఒకరు కాపురం ఉండటమో, చదువుకునే పిల్లలకి అద్దెకివ్వడమో చేస్తేనే నడుస్తుంది. మనుషులు తిరిగే ఇంట్లో చెదలు కూడా తొందరగా కనబడతాయి. తమ్ముళ్లు అస్సలు ఒప్పుకోకపోతే, పెరటి స్థలం బిల్డరుకి, ముందున్న ఇల్లు మీకు అని బేరం పెట్టి చూడండి. చట్టప్రకారం ఎలా రాసుకోవాలో లాయరు చెబుతాడు, అందరి సంతకాలతో రిజిస్టరు కావాలి. నోటి మాట మీద వదిలేయకండి, అన్నదమ్ముల మాట మీద అసలే వద్దు.

ప్రశ్న: హైస్కూలు పిల్లల్ని ఒక్కరోజు ట్రిప్పుకి తీసుకెళ్లాలి. రావులపాలెం నుంచి బస్సు. పాత కాలపు ఇంటి జీవితం చూపించేది ఏదైనా? — ఒక టీచరు

జవాబు: ధవళేశ్వరం, రాజమండ్రి సరిపోతాయి. పొద్దున్నే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర పేరు మీదిది. ఆనకట్ట ఎలా కట్టారో చూశాక డెల్టా డబ్బు కథ పిల్లలకి అర్థమవుతుంది. తర్వాత రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లు. సంపన్నుడి మేడ అనుకుని వెళ్తే నిరాశే, ఆయన షోకులు వేరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి బతికిన చోటు అది. ఇంటి నుయ్యి దగ్గర పిల్లల్ని ఆపి, ఆ రోజుల్లో ఊరంతా వెలేస్తే నీళ్లు ఎవరు తోడిస్తారు, వంట ఎవరు చేస్తారు అని అడగండి, పాఠం దానంతటదే నడుస్తుంది. టైముంటే దామెర్ల రామారావు గారి చిత్రశాల. ఆయన 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయారు, బొమ్మల్లో అప్పటి చీరకట్టు, నగలు, కూర్చునే తీరు కనిపిస్తాయి. సెలవు రోజులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ముందు ఫోన్ చేసి బయల్దేరండి.

బస్సులో పిల్లలు గోల చేస్తే బాత్ ఇంటి వంటగది కథ చెప్పండి. అక్కడ గోడకి ఒక చక్రం ఉంది. అందులో కుక్కని పెడితే అది లోపల పరిగెడుతుంటే పొయ్యి ముందు మాంసం గుచ్చిన ఊచ తిరిగేది. పెద్దింటి విందుకి ఎవరెవరు పరిగెత్తారో పిల్లలకి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: పాత సామాన్లు కొంటామని వ్యాన్లో వస్తున్నారు. ఇత్తడి కాగు, చెక్కిన ద్వారబంధం, ఒక పెట్టెడు తాటాకులు ఉన్నాయి. తాటాకులు ఊరికే ఇచ్చేయమంటున్నారు, "చెత్తే కదమ్మా" అని. ఇవ్వొచ్చా? — నరసాపురం వైపు నుంచి

జవాబు: చెత్తయితే వ్యాన్లో డీజిలు పోసుకుని ఎందుకొస్తారమ్మా?

1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళాఖండాల్లాంటివి పురావస్తువులు. చరిత్ర, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. వీటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం నేరం. మీ కాగు ఆ లెక్కలోకి రాకపోవచ్చు, తాటాకులు వచ్చే అవకాశం బాగా ఉంది. ముందు చదివించండి. అందులో వైద్యం ఉండొచ్చు, పురాణం ఉండొచ్చు, మీ ముత్తాత అప్పుల చిట్టా ఉండొచ్చు, మూడోది ఉంటే మరీ మంచిది. రాజమండ్రిలో ప్రభుత్వ పురావస్తు మ్యూజియం ఉంది, రాళ్లబండి సుబ్బారావు గారి పేరు మీద. అక్కడ అడిగితే దారి చెబుతారు. ఈలోగా నీళ్లతో తుడవద్దు, ఎండలో పెట్టొద్దు. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పాత నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. ఆకులు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె రాస్తారు గానీ అది తెలిసినవాళ్ల చేత చేయించండి.

కాగు మీ ఇష్టం. అమ్ముకున్నా తప్పులేదు. హైదరాబాదులో ఏ రిసార్టులోనో దాంట్లో మనీ ప్లాంటు పెడతారు, అంతే.

ద్వారబంధం మాత్రం ఇల్లు నిలబడి ఉండగా ఊడదీయకండి. పైన గోడ బరువు దాని మీద ఉంటుంది.

ప్రశ్న: కోనసీమలో మండువా ఇంటి మోడల్లో రిసార్టులు కడుతున్నారు. ఇవీ మ్యూజియాలేనా? — హైదరాబాదు నుంచి ఒక గోదారబ్బాయి

జవాబు: హోటళ్లు. పులస దొరికే సీజన్లో వెళ్లండి, హాయిగా తినండి. మండువాలో కృత్రిమ వాన కూడా పెడుతున్నారని విన్నాం, అసలు వానకే కరువన్నట్టు. పాత ఇంట్లో బతుకెలా ఉండేదో చూడాలంటే చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది, 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లని ఊళ్లలోంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చెట్టినాడు వ్యాపారి ఇల్లు ఒక్కటి చూస్తే చాలు, మన కాకినాడ షావుకారు మేడ ఎలా చూపించవచ్చో ఐడియా వస్తుంది.

ప్రశ్న: మా ఇల్లు ఎప్పుడో అమ్మేశారు, కొట్టేశారు కూడా. ఫొటోలు నాలుగే ఉన్నాయి. నాయనమ్మకి తొంభై దాటింది, జ్ఞాపకశక్తి బాగానే ఉంది. ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా? — భీమవరం

జవాబు: చాలా ఉంది. "మీ రోజుల్లో ఎలా ఉండేదో చెప్పు నాయనమ్మా" అని మాత్రం అడక్కండి, "ఏముందమ్మా, అంతా బాగానే ఉండేది" అని ఊరుకుంటుంది. ఒక పెద్ద కాగితం, పెన్సిలు తీసుకుని ఇంటి ప్లాను గీయమనండి. వీధి గుమ్మం ఎటు, సావిడి ఎటు, పొయ్యి ఏ మూల. చెయ్యి వణికితే మీరు గీయండి, ఆవిడ దిద్దుతుంది. గది గీసినప్పుడల్లా ఆ గది ప్రశ్నలు. ఇక్కడ ఎవరు పడుకునేవారు? నీళ్లు ఎవరు తోడేవారు, ఎన్ని బిందెలు? అందరి భోజనాలయ్యాక ఆడవాళ్లు ఎక్కడ కూర్చుని తినేవారు, అప్పటికి కూర మిగిలేదా? ఇనప్పెట్టె తాళం ఎవరి మొలకి ఉండేది? నెలకి మూడు రోజులు ఏ గది? పాలేరు పేరేంటి, చాకలి పేరేంటి, వాళ్లు ఎక్కడిదాకా వచ్చేవారు? కరెంటు వచ్చిన రోజు ఏ గదిలో మొదట బల్బు వేశారు?

ఒక్కరోజులో అడిగేయకండి, పొద్దున్నపూట కాఫీ అయ్యాక అరగంట చాలు. ఇంట్లో మిగతావాళ్లని బయటికి పంపండి, ముఖ్యంగా "అలా కాదులే అమ్మా" అని మధ్యలో దిద్దే మీ నాన్నగారిని. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డింగు నొక్కండి, లేకపోతే సరిగ్గా ఇనప్పెట్టె దగ్గరికి వచ్చేసరికి పర్సనల్ లోను కావాలా మేడం అని ఫోనొస్తుంది.